కాల్షియం కార్బొనేటా, సిట్రేటా? ముందు భోజనం సంగతి చూడాలి

"మా డాక్టరు గారు కాల్షియం మాత్రల్లో కార్బొనేట్ రకం రాశారు, మా చెల్లెలికి వాళ్ల డాక్టరు సిట్రేట్ రకం రాశారు. ఏది మంచిది?" యాభై దాటిన ఆడవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను ఇదే అడుగుతున్నారు. నేను వైద్యురాలిని కాను. అమ్మ మాత్రల పెట్టె ప్రతి ఆదివారం సర్దేది మాత్రం నేనే. మొన్న వేసవిలో ఆమెకు డాక్టరుతో మాట్లాడి కార్బొనేట్ మాన్పించి సిట్రేట్‌కు మార్చాం. ఆ మార్పు ఎందుకు అవసరమైందో చెబితే ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందుగా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. 1000 మిల్లీగ్రాముల సిట్రేట్‌లో ఉండేది సుమారు 210 మాత్రమే. లెక్కలోకి వచ్చేది 'ఎలిమెంటల్ కాల్షియం' అని రాసి ఉన్న అంకె ఒక్కటే. అట్టపెట్టె మీద వెయ్యి అని పెద్దగా కనిపించింది కదా, ఇది ఇంకా బలమైనదని కొనేవాళ్లను చూశాను. ఈ ఒక్క విషయంలో కార్బొనేట్‌దే స్పష్టంగా పైచేయి. ఒక మాత్రతో పని అవుతుంది, ధర కూడా తక్కువ, చిన్న ఊళ్లలోని మందుల షాపుల్లో కూడా దొరుకుతుంది.

ఇక మనకు కావలసింది ఎంత? భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు 1200. ఇది తిండితో కలిపి మొత్తం లెక్క, మాత్రలతోనే నింపాల్సింది కాదు. పావు లీటరు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగి పిండిలో 350 దాకా ఉంటుంది. నువ్వుల్లో ఇంకా చాలా ఎక్కువ. పూటపూటా పెరుగు, వారానికి నాలుగు రోజులు రాగి జావ, అప్పుడప్పుడు మునగాకు కూర తినే ఇంట్లో లోటు చాలావరకు ఒక మాత్రతో పూడిపోతుంది. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతూ పోతుంది. రెండు మాత్రలు రాసి ఉంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటిగా విడదీయమనేది అందుకే.

నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పేది ధరా కాదు, మిల్లీగ్రాములూ కాదు, కడుపులోని ఆమ్లం. కార్బొనేట్ అంటే సుద్ద, సున్నపురాయి, గుడ్డుపెంకు జాతి పదార్థం. గుడ్డుపెంకు ముక్కను నిమ్మరసంలో వేసి చూడండి, సన్నని బుడగలు లేస్తూ మెల్లగా కరుగుతుంది. కడుపులోనూ జరిగేది అదే. అన్నం తిన్నప్పుడు ఆమ్లం బాగా ఊరుతుంది కాబట్టి కార్బొనేట్ భోజనంతో పాటే వెళ్లాలి. ఆ బుడగల వల్లే కొందరికి ఉబ్బరం, తేన్పులు వస్తాయి. మలబద్ధకం కూడా దీనితోనే ఎక్కువ. సిట్రేట్‌కు ఈ ఆమ్లం అవసరం అంతగా లేదు. తిన్నా, తినకపోయినా ఒంటికి పడుతుంది.

మన ఇళ్లలో అరవై దాటినవాళ్లలో చాలామంది పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర ఏమిటో చెప్పనక్కరలేదు. గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి. వాటి పనే ఆమ్లాన్ని తగ్గించడం. ఒక మాత్రతో ఆమ్లం ఆపేసి, ఆ ఆమ్లం లేకపోతే కరగని మరో మాత్రను ఖాళీ కడుపుతో మింగుతున్నాం. వీళ్లలో కొందరికి వయసుతో పాటు ఆమ్లం ఎలాగూ తగ్గి ఉంటుంది. అయినా కార్బొనేట్‌కు అన్యాయం చేయకూడదు. కడుపులో ఆమ్లం ఊరనివాళ్ల మీద అమెరికాలో చేసి 1985లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పరగడుపున కార్బొనేట్ చాలా తక్కువగా పట్టింది. అదే మనుషులకు భోజనంతో ఇస్తే మామూలుగానే పట్టింది. అంటే గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లకు కార్బొనేట్ పూర్తిగా వృథా అనలేం. కడుపు నిండా తినే పూటతో వేసుకోగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అమ్మ విషయంలో మేం తప్పు చేసింది ఇక్కడే. ఉదయం ఆరింటికి థైరాయిడ్ మాత్ర. 'ఎలాగూ నీళ్లు తాగుతున్నాను కదా' అని కాల్షియం కూడా దానితోనే మింగేది. ఏడాది పాటు నేను గమనించలేదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) పెరుగుతూ పోయింది, థైరాయిడ్ మోతాదు ఒకసారి పెంచారు కూడా. చివరకు డాక్టరు గారు "ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారు?" అని గంటల వారీగా అడిగితే బయటపడింది. కాల్షియం థైరాయిడ్ మందును పట్టుకుని ఒంట్లోకి పోనివ్వదు. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. కార్బొనేట్ అయినా సిట్రేట్ అయినా ఈ నియమంలో తేడా లేదు.

కాల్షియాన్ని మధ్యాహ్నం పన్నెండున్నర భోజనానికి మార్చాం. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్ర వచ్చింది. అదీ థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు దూరంగా ఉండాలి కాబట్టి పదకొండింటికి పెట్టాం. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం కావాలి. పెట్టెలో కాల్షియానికి మిగిలింది రాత్రి గడి ఒక్కటే. రాత్రి అమ్మ తినేది రెండు ఇడ్లీలు, లేదంటే ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ. కార్తీకమాసంలో అది కూడా అంతంతమాత్రం. గ్యాస్ మాత్ర ఎలాగూ ఉంది, మలబద్ధకం బాధ వేరే. అప్పుడు సిట్రేట్ రాశారు. రాత్రికి రెండు మాత్రలు, కలిపి 420 మిల్లీగ్రాములు. మాత్ర పెద్దది, విరిచి మింగాలి. ఖర్చు పెరిగింది. మోకాళ్ల నొప్పులు పోయాయని నేను చెప్పను, కాల్షియం వాటికి మందు కాదు. కడుపు బాధ మాత్రం తగ్గింది. టీఎస్‌హెచ్ సర్దుకున్నది వేళలు విడదీశాకే.

నలభైల్లో ఉండి, రెండు పూటలా కడుపు నిండా తింటూ, గ్యాస్ మాత్ర జోలికి పోనివాళ్లు సిట్రేట్ కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రల్లో ఉన్నది కూడా కార్బొనేటే. 500 మిల్లీగ్రాముల కాల్షియం చొప్పున రోజుకు రెండుసార్లు, భోజనంతో, ఐరన్ మాత్రతో కలపకుండా. అరవై దాటి, తిండి తగ్గి, పొద్దున్నే గ్యాస్ మాత్రతో రోజు మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు సిట్రేట్‌కే.

కిడ్నీలో రాళ్ల భయం గురించి కూడా అడుగుతుంటారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో 36,282 మంది నెలసరి ఆగిన స్త్రీల మీద జరిగి 2006లో వెలువడిన పెద్ద పరిశోధనలో, రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ రూపంలో, విటమిన్ డితో కలిపి ఇచ్చినప్పుడు రాళ్లు 17 శాతం పెరిగాయి. భోజనంతో వేసుకుంటే, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అనే తిండిలోని పదార్థాన్ని కాల్షియం పేగుల్లోనే పట్టేస్తుంది, సిట్రేట్ మూత్రంలో రాళ్లు కట్టకుండా కొంత అడ్డుపడుతుంది. అయినా ఒకసారి రాయి వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఏ కాల్షియమూ మొదలుపెట్టకూడదు.

కోరల్ కాల్షియం అన్నా, ఆల్చిప్పల కాల్షియం అన్నా చాలావరకు కార్బొనేటే. పేరు చూసి ఎక్కువ ధర పెట్టకండి. గ్లూకొనేట్, లాక్టేట్ మాత్రల్లో కాల్షియం మరీ తక్కువ. సిట్రేట్ మాలేట్ అనే మరో రకానికి సిట్రేట్ గుణాలే చాలావరకు ఉన్నాయి.

కార్బొనేటా సిట్రేటా అన్నదానికంటే ఎక్కువ నన్ను కలవరపెట్టేది కాల్షియంతో పాటు మాత్రలో ఏముంది అన్నది. చాలా మాత్రల్లో విటమిన్ డి3 ఉంటుంది, కొన్నింటిలో దాని బదులు కాల్సిట్రియాల్ ఉంటుంది. డి3ని ఒళ్లు తనకు కావలసినంతే మార్చుకుంటుంది. కాల్సిట్రియాల్ అప్పటికే మారి, నేరుగా పనిచేసే రూపం. రక్తంలో కాల్షియాన్ని త్వరగా పెంచగలదు. పరీక్షలు లేకుండా నెలల తరబడి వాడేది కాదు. దీనికి తోడు 60,000 యూనిట్ల డి3 పొడినో గుళికనో వారానికి ఒకటి రాస్తే, రోజుకొకటి చొప్పున వేసుకుని వాంతులు, మగత, మతిమరుపుతో ఆసుపత్రికి చేరేవాళ్లున్నారు.

స్ట్రిప్ అయిపోయి షాపుకు వెళ్తే, "అది లేదు, ఇదీ అదేనండి" అని ఇంకొకటి ఇస్తారు. పేర్లలో తేడా ఒక్కోసారి చివరి రెండు అక్షరాలే. అందుకే అమ్మ పాత స్ట్రిప్‌లో పేరు, మందుల వివరం ఉన్న ముక్కను కత్తిరించి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది. కౌంటరు మీద ఆ ముక్క పక్కన కొత్త స్ట్రిప్‌ను తిరగేసి పెట్టి, వరసగా మూడు మాటలు సరిచూస్తుంది: సిట్రేట్ ఉందా, ఎలిమెంటల్ ఎంత, డి3యా కాల్సిట్రియాలా. వెనక క్యూలో ఎందరు నిలబడ్డా, సరిచూడటం అయ్యాకే డబ్బులు తీస్తుంది.