కోడలి పుట్టింటివాళ్ళ తాతలు దొరికారు, పైసా ఖర్చు లేకుండా

మా కోడలి సొంతూరు అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, కస్టర్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే. విస్తీర్ణంలో మా కోనసీమకు మూడింతలు ఉంటుంది, జనం మాత్రం పదివేల పైచిలుకే. మనవరాలిని బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మావైపు ఏడు తరాలు నేను ఫోన్లోనే చెప్పేశాను. వియ్యపురాలు మాత్రం తాతగారి దగ్గర ఆగిపోయారు. ఆ తాతగారి తండ్రి ఎక్కడినుంచో వచ్చి అక్కడ భూమి సంపాదించాడని తప్ప ఇంకేమీ తెలియదట. ముప్పై ఏళ్ళు అడంగళ్ళు రాసినవాణ్ణి, భూమి ఉందంటే కాగితం ఎక్కడికి పోతుంది అనుకుని నేను వెతకడానికి కూర్చున్నాను.

ముందు ఒక డబ్బులు కట్టే సైట్లో చేరాను. ఫ్రీ ట్రయల్ అన్నారు, కార్డు నంబరు అడిగారు. గడువు మర్చిపోయాను, డబ్బు కోసేశారు. పేరు ఎందుకులెండి.

తర్వాత దొరికింది యూఎస్‌జెన్‌వెబ్ అనే ఉచిత వంశవృక్షాల సైటు. 1996లో కెంటకీ రాష్ట్రంలో మొదలైంది, నడిపేదంతా వాలంటీర్లే. కౌంటీకో పేజీ: శ్మశానాల జాబితాలు, పెళ్ళి రిజిస్టర్లు, పాత పత్రికల్లో మరణవార్తలు. పేజీ ఎంత బాగుంటుందన్నది ఆ కౌంటీని చూసుకునేవాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది. సొగసు చూడకండి, సరుకు చూడండి.

జనాభా లెక్కల అసలు కాగితాల కోసం ఫ్యామిలీసెర్చ్ అనే ఇంకో సైటుకి వెళ్ళాలి. అదీ ఉచితమే, అకౌంటు ఒకటి తెరవాలి. 72 ఏళ్ళు దాటితేగాని పేర్లతో లెక్కలు బయటపెట్టరు కాబట్టి ప్రస్తుతానికి 1950 దాకా ఉన్నాయి. 1890వి అడక్కండి. 1921లో వాషింగ్టన్‌లో మంటలంటుకుని చాలావరకు పాడయ్యాయి, ఇప్పుడు దాదాపు ఏమీ మిగల్లేదు. అది చదివి నాకు 96 తుఫాను గుర్తొచ్చింది. మా తాతగారి కరణీకం దస్త్రాలు ట్రంకుపెట్టెతో సహా నాని ముద్దయిపోయాయి, విప్పబోతే చేతికి గుజ్జు అంటుకుంది.

ఇంటిపేరు ఉన్నదున్నట్టు కొడితే దొరకదు. లెక్కలు రాసుకోడానికి వచ్చినవాడు చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. నా పేరు రేషన్‌కార్డులో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా లేదూ? నాలుగు రకాల స్పెల్లింగులు మార్చి కొడితే అయిదోదానికి తగిలింది.

అసలు మజా భూమి కాగితాల్లో ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల దాకా ఇచ్చేవారు. అయిదేళ్ళు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేసి చూపిస్తే పట్టా. ఆ పట్టాల బొమ్మలు అక్కడి భూనిర్వహణ శాఖ జీఎల్‌ఓ (జనరల్ ల్యాండ్ ఆఫీస్) రికార్డుల సైట్లో ఊరికే దొరుకుతాయి. సర్వే నంబరు బదులు సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అని ఉంటాయి. సెక్షన్ అంటే 640 ఎకరాలు, అందులో పావు వంతు ఆ తాతగారి తండ్రిది. నాకున్న 70 సెంట్ల కొబ్బరితోటకు రెండువైపులా సరిహద్దు తగాదాలే. పట్టా వెనకున్న ఫైలు నేషనల్ ఆర్కైవ్స్, అంటే అక్కడి ప్రభుత్వ పాత దస్త్రాల భాండాగారం, నుంచి కోడలు తెప్పించింది. ఇల్లు గడ్డి మట్టిపెళ్ళలతో కట్టింది, ఒక తలుపు, రెండు కిటికీలు. నిజమేనని ఇద్దరు పొరుగువాళ్ళ సాక్ష్యం. మా పంచనామాల్లాగే ఉంది.

స్టార్లు ఇవ్వాలంటే అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, అన్నీ ఒకచోట ఉండవు, మూడు సైట్ల మధ్య తిరగాలి. చేతిరాత చదవడానికి భూతద్దం కావాలి.

1900 లెక్కల్లో ఆడవాళ్ళకు ఇంకో రెండు గళ్ళు ఉన్నాయి: ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు. ఆ తాతగారి తల్లి, ఆ ముసలమ్మ పేరు పక్కన 9, 6 అని ఉంది. వీడియో కాల్లో చూపిస్తే వియ్యపురాలు చాలాసేపు మాట్లాడలేదు. మా బామ్మకు ఎంతమంది పుట్టారో నేను చెప్పిన ఏడు తరాల్లో ఎక్కడా లేదు. అన్నీ మగవాళ్ళ పేర్లే.