మోడల్ విమానానికి ఎల్‌ఈడీ: తల అరగదీయాలా, మూడు వైపులా అతికించాలా?

రెక్క చివర 5 ఎంఎం తెల్ల ఎల్‌ఈడీ పెట్టాం, ఎదురుగా వస్తున్నప్పుడు జిగేల్‌మంటోంది, పక్కకు తిరిగితే ఆరిపోయినట్టే ఉంటోంది, ఏం చేయాలి? ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానాలు ఎగరేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దానికి దొరికే సలహా కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: తలను ఉప్పు కాగితంతో రుద్దెయ్యి. సలహా తప్పేం కాదు. కానీ రుద్దాక ఎంత వెలుగు మిగులుతుందో లెక్క వేసుకునేవాళ్లు తక్కువ.

5 ఎంఎం ఎల్‌ఈడీకి ఉండే గుండ్రటి తల నిజానికి ఒక లెన్సు. వెలుగునంతా 20, 30 డిగ్రీల ఇరుకు కోణంలోకి పోగేయడమే దాని పని. 15,000 ఎంసీడీ (మిల్లీ క్యాండెలా, వెలుగు తీవ్రతకు కొలత) అని రాసి అమ్మేది ఆ కోణంలో సూటిగా చూస్తే కనిపించే వెలుగు గురించే. దాన్నే 20 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు పరిచారనుకోండి, ఏ దిక్కు నుంచి చూసినా సుమారు 33వ వంతే కనిపిస్తుంది. అంటే 15,000 కాస్తా 450 దగ్గరికి వచ్చేస్తుంది. నాలుగు దిక్కులూ, పైనా కిందా కూడా సమానంగా పరిస్తే మిగిలేది 130వ వంతు. రుద్దితే కొత్త వెలుగేమీ పుట్టదు కదా, ఉన్నదే పలచబడుతుంది. చీకటి పడ్డాక ఫర్వాలేదు. మనలో చాలామంది ఎగరేసేది మాత్రం పొద్దు గూకే వేళ, ఆకాశం ఇంకా తెల్లగా ఉండగానే. ఆ వెలుతురు ముందు పలచబడ్డ చుక్క నిలవదు. నా మటుకు ఏది మేలో తేల్చేది ఈ ఒక్క విషయమే.

రుద్దే పద్ధతికి ఖర్చు లేదు, అదే దాని గొప్ప. కాగితాన్ని తడిపి, ముందు గరుకుది, తర్వాత నున్నటిది వాడితే తల పాలరంగులోకి మారుతుంది. కోణం ఇంకా పెరగాలంటే ఆకురాయితో గుండ్రటి భాగాన్ని చదును చేసేయొచ్చు. అప్పుడు మాత్రం ఎల్‌ఈడీని పక్క నుంచి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తూ ఉండాలి. లోపల చిన్న గిన్నెలాంటి దాంట్లో చిప్, దాని మీదుగా వెంట్రుక కంటే సన్నటి తీగ కనిపిస్తాయి. ఆకురాయి ఆ తీగను తాకిందంటే ఎల్‌ఈడీ పని అయిపోయినట్టే. తీగకు పైన ఒక మిల్లీమీటరైనా ప్లాస్టిక్ ఉంచండి.

అంత కష్టపడటం ఎందుకు అనుకుంటే, వెడల్పు కోణంతోనే తయారైన ఎల్‌ఈడీలు దొరుకుతాయి. పొట్టి తల ఉన్న స్ట్రా హ్యాట్ రకం 100 డిగ్రీలు దాటి వెలుగిస్తుంది. తలలో శంకువు ఆకారంలో గుంట ఉన్న రకం సూటిగా తక్కువ, పక్కలకు ఎక్కువ చిమ్ముతుంది. పండగలకు వేసే కొన్ని సీరియల్ సెట్లలో ఉండేవి ఇవే. పాత సెట్ మూల పడి ఉంటే చూడండి. తోక చివర పెట్టడానికి నాకు ఈ గుంట రకం నచ్చుతుంది. గ్లూ గన్ జిగురు బొట్టు వేయడం, పింగ్‌పాంగ్ బంతిని కోసి టోపీలా తొడగడం కూడా వెలుగును పలచన చేసే దారులే, బంతికైతే గాలి తాకిడి అదనం.

నేను వాడేది ఎస్ఎండీ, అంటే తల లేకుండా చదునుగా ఉండే బుల్లి ఎల్‌ఈడీ. ఇందులో లెన్సు ఉండదు కాబట్టి 120 డిగ్రీల కోణం పుట్టుకతోనే వస్తుంది. ఒకదాని వెలుగునే నలుదిక్కులా సాగదీయకుండా, ఒక్కో దిక్కుకు ఒక్కోటి పెట్టేస్తాం. చాలామంది వీపుకు వీపు తగిలేలా రెండు అతికించి ఊరుకుంటారు. అంచు వైపు నుంచి చూస్తే ఆ రెండూ కనిపించవు, విమానం తిరుగుతున్నప్పుడు సరిగ్గా అక్కడే దీపం మాయమవుతుంది. త్రికోణపు పుల్ల మూడు ముఖాలకూ మూడు పెడితే ఆ చిక్కు పోతుంది. రెండు ముఖాలు కలిసే మూల నుంచి చూస్తే ఒక్కోదాని వెలుగు సగమే, కానీ రెండూ కలిసి ఒకటికి ఒకటి వస్తుంది. చుట్టూ తిరిగి చూసినా తేడా పట్టుకోలేం.

దీనికి విడి ఎల్‌ఈడీలు కొనక్కర్లేదు. మీటరుకు 120 ఎల్‌ఈడీలుండే 12 వోల్ట్ పట్టీలో ఒక్కో ముక్క 25 మిల్లీమీటర్లు, అందులో మూడు ఎల్‌ఈడీలు, రెసిస్టర్‌తో సహా. 8 మిల్లీమీటర్ల భుజాలున్న త్రికోణపు బాల్సా (తేలికపాటి చెక్క) పుల్లకు దాన్ని చుడితే ముఖానికి ఒకటి చొప్పున కుదిరిపోతుంది. మడత రెసిస్టర్ మీద పడకుండా చూసుకోండి, అంతే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో పట్టీ, వైరు, రెసిస్టర్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పుల్లను విమానం పొట్ట కింద నిలువుగా పెట్టాలి. నెత్తి మీదుగా ఎగిరేటప్పుడు కూడా కనిపించాలంటే పుల్ల కింది కొసకు నాలుగో ఎల్‌ఈడీ కావాలి, దానికి విడిగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ చాలు. పైవైపు నుంచి కనిపించకపోయినా నష్టం లేదు, మనం నిలబడేది కిందే కదా. 3ఎస్ (మూడు సెల్స్, సుమారు 11 వోల్ట్‌ల) బ్యాటరీకి ఇదంతా నేరుగా తగిలించొచ్చు. 2ఎస్ (రెండు సెల్స్) అయితే 12 వోల్ట్ పట్టీ సరిగా వెలగదు, మూడు తెల్ల ఎల్‌ఈడీలు వరసగా వెలగాలంటే 9 వోల్ట్‌లైనా కావాలి.

పూర్తి చీకట్లోనే ఎగరేసే ఫోమ్ విమానమైతే లెక్క వేరు. పట్టీని రెక్క లోపల పెడితే డిప్రాన్ ఫోమ్ మొత్తం వెలుగుతుంది, విమానం ఎటు వంగిందో చుక్కల కంటే బాగా తెలుస్తుంది. ఫైబర్ ఆప్టిక్ అందం కోసమే. ఈఎల్ వైరు (పొడవునా తానే వెలిగే వైరు) అన్ని వైపులా కనిపిస్తుంది గానీ వెలుగు తక్కువ, పైగా దానికో ఇన్వర్టర్.

ఇంతా చెప్పింది మెరిసే తెల్ల దీపం గురించి. రెక్కల చివర ఎరుపు, ఆకుపచ్చ దీపాలకు ఇదే పద్ధతి అడుగుతున్నారు, వద్దు. అసలు విమానాల్లో ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ ముక్కు నుంచి చెరో పక్కకు 110 డిగ్రీల మేరే కనిపిస్తాయి, వెనక మిగిలిన 140 తోక తెల్ల దీపానిది. మీరు ఆ రెండు రంగుల్నీ చుట్టూ కనిపించేలా చేస్తే, దూరాన ఉన్న విమానం మీ వైపు వస్తోందో వెళ్లిపోతోందో తెలియక రిమోట్ స్టిక్ ఎటు తిప్పాలా అని టెన్షన్ పడేది మీరే. అక్కడ ఒక్క ఎస్ఎండీని రెక్క కొస నుంచి కాస్త ముందుకు తిప్పి అతికించి, వెనక వైపు చిన్న నల్ల టేపు ముక్క అడ్డం పెట్టండి.