చవక పనిముట్లా, పేరున్నవా, కిరాయివా: ఇంటి పనికి ఏది మేలు?

నల్లగొండ ప్రకాశం బజారులోనైనా, పాలమూరు గడియారం చౌరస్తా చుట్టుపక్కలనైనా, వారపు అంగడిలో తాడిపత్రి పరిచి అమ్మే చోటనైనా, నలభై ముక్కల పనిముట్ల పెట్టె ఒకటి తప్పక కనిపిస్తుంది. పేరున్న కంపెనీ కటింగ్ ప్లేయర్ ఒక్కదానికి అయ్యే ఖర్చుకు మరికొంత కలిపితే ఆ పెట్టె మొత్తం ఇంటికి వస్తుంది కనుక, ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే పనిముట్టు పట్టే వారికి అదే సరిపోతుందనిపించడం సహజం. ఇందులో ధర కంటే ముందు చూడవలసిన సంగతి మరొకటి ఉంది. పనిముట్టు చెడినప్పుడు అది ఒక్కటే చెడుతుందా, లేక పట్టుకున్న వస్తువునూ, గోడనూ, చేతినీ కూడా చెడగొడుతుందా అన్నదే నా కొలత. ఒక్కటే చెడేదైతే చవకది కొనవచ్చు. రెండో రకమైతే మంచిది కొనాలి, లేదా కిరాయికి తెచ్చుకోవాలి.

చవకది నిస్సంకోచంగా కొనదగినవి చాలానే ఉన్నాయి. పుట్టీ బ్లేడు, రంగు బ్రష్షు, కొలత టేపు, హ్యాక్‌సా ఫ్రేము ఈ కోవలోవి. ఫ్రేము చవకదైనా ఫరవాలేదు, అందులో వేసే బ్లేడు మాత్రం మంచిదై ఉండాలి; పలుచని జీఐ పైపు కోయడానికి అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు తీసుకుని, పళ్లు ముందుకు చూసేలా బిగిస్తే పని సాఫీగా సాగుతుంది. టేపు కొనేటప్పుడు కొసన ఉన్న కొక్కెం కాస్త కదులుతోందని పక్కన పెట్టేవారిని చూస్తుంటాను. అది లోపం కాదు. అంచుకు తగిలించి లాగినప్పుడూ, గోడకు ఆనించి నొక్కినప్పుడూ కొలత ఒక్కటే రావడానికి కొక్కెం తన మందం మేర జరిగేలా చేసి ఉంటుంది. స్పిరిట్ లెవెల్‌ను మాత్రం దుకాణంలోనే పరీక్షించి తీసుకోవాలి. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసుకుని, అదే చోట దాన్ని అటుదిటు తిప్పి పెట్టినప్పుడు బుడగ మళ్లీ అక్కడే నిలిస్తే అది నమ్మదగినది. నిజానికి మన మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు వీటన్నిటికంటే చవక. గది ఆ మూల నుంచి ఈ మూలకు మట్టం చూడడంలో చిన్న స్పిరిట్ లెవెల్ ఏదీ దానికి సాటి రాదు.

పానాలు, స్క్రూడ్రైవర్ల దగ్గర లెక్క మారిపోతుంది. ఈ జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి, నల్లా మరల్లో తెల్లటి పొర పేరుకుని రాయిలా బిగుసుకుపోతుంది. అలాంటి ఇత్తడి నట్టును చవక స్క్రూ స్పానర్‌తో పట్టినప్పుడు జరిగేది గమనించండి. దవడను బిగించి వదలగానే అది వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది, బలం పెట్టగానే ఇంకాస్త తెరుచుకుంటుంది, నట్టు రెండు చదును ముఖాల మీద పడవలసిన భారమంతా రెండు మూలల మీద పడుతుంది, మెత్తని ఇత్తడి కావడంతో ఆ మూలలు అరిగి నట్టు గుండ్రమవుతుంది. ఆ తర్వాత ఎంత మంచి పానా తెచ్చినా దానికి పట్టు దొరకదు, నల్లా మొత్తం కోసి తీయవలసి వస్తుంది. అంటే స్పానర్ మీద మిగిల్చిన డబ్బు కొత్త నల్లాకూ ప్లంబరు కూలికీ పోతుంది. అందుకే కొనేముందు దవడను సగం తెరిచి వేలితో ఊపి చూడాలి. చప్పుడు వచ్చేలా ఊగితే తిరిగి ఇచ్చేయాలి.

స్క్రూడ్రైవర్ సంగతీ ఇంతే. కొస మెత్తని ఇనుముదైతే ప్లస్ స్క్రూ గాడిలో జారి, స్క్రూ తలనూ తన కొసనూ రెండింటినీ అరగదీస్తుంది. పిడి మీద క్రోమ్ వనాడియం అని అచ్చు వేసినంత మాత్రాన లోపల ఆ ఉక్కే ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంట్లో ఆకురాయి ఉంటే కొసను ఒకసారి రుద్ది చూడండి. గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి అంతగా పట్టదు, మెత్తని ఇనుమును సులువుగా కొరుకుతుంది.

కరెంటు పనికి వాడే వస్తువుల్లో చవకదనం వద్దని గట్టిగా చెబుతాను. టెస్టరులో నియాన్ బల్బుతో పాటు ఒక రెసిస్టర్ ఉంటుంది, మన ఒంట్లోంచి పోయే కరెంటును మిల్లీఆంపియరు కంటే తక్కువకు కట్టడి చేసేది అదే. 230 వోల్టులకూ మన వేలికీ మధ్య ఉన్నది ఆ చిన్న ముక్క మాత్రమే కాబట్టి, అంగడిలో గుప్పెడుగా దొరికే పేరులేని టెస్టరును నమ్ముకోవడం తగదు. మంచి టెస్టరునైనా ముందుగా కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందని చూసుకున్నాకే వాడాలి. కటింగ్ ప్లేయర్ పిడి మీద 1000 వోల్టులు అని, దానితోపాటు రెండు త్రిభుజాల గుర్తు ఉంటే అది పరీక్షించిన ఇన్సులేషన్. ఆ గుర్తు లేని ప్లాస్టిక్ తొడుగును చేతి పట్టు కోసం వేసినదిగానే భావించి, మెయిన్ ఆపాకే పని చేయాలి. పసుపుపచ్చ చిన్న మల్టీమీటరు బ్యాటరీలు చూసుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో 10 ఆంపియర్ల సాకెట్ దగ్గర ఫ్యూజు లేదని దాని మీదే రాసి ఉంటుంది. బోరు స్టార్టర్ డబ్బాలో దాన్ని పెట్టకూడదు.

డ్రిల్లు మిషను విషయంలో కొనడమా, కిరాయికి తేవడమా అన్న ప్రశ్న నిజంగా ఆలోచించదగినది. ఇటుక గోడకు అల్మారా, పరదా కడ్డీ, దోమల జాలీ చట్రం బిగించడానికి పేరున్న కంపెనీ 13 మిల్లీమీటర్ల ఇంపాక్ట్ డ్రిల్లు (తిరుగుతూనే దెబ్బ కూడా కొట్టేది) చాలు. అది ఇంట్లో ఏళ్ల తరబడి పనికొస్తుంది. చవక మిషన్లలో తరచుగా కనిపించే లోపం బిట్టు నిటారుగా తిరగకపోవడం. కొస ఊగుతూ తిరిగితే 8 మిల్లీమీటర్ల రంధ్రం అంతకంటే వెడల్పవుతుంది, అందులో వేసిన ప్లాస్టిక్ గిట్టీ వదులవుతుంది, సామాను పెట్టిన కొన్నాళ్లకు అల్మారా ఊడి వస్తుంది. దుకాణంలో పొడవాటి సన్నని బిట్టు బిగించి ఆడించమని అడిగి, కొస నిలకడగా ఉందో లేదో కళ్లారా చూసి కొనాలి. కార్బన్ బ్రష్షులు, స్విచ్చు, ఆర్మేచర్ విడిగా దొరుకుతాయా అని కూడా అడగాలి. పేరున్న మిషను ఆగిపోతే వైండింగ్ దుకాణంలో బాగవుతుంది, పేరులేనిది విడిభాగాలు లేక పాత ఇనుము కింద పోతుంది.

స్లాబుకు కొక్కెం వేయాలన్నా, పాత ఇంటి రాతి గోడకు రంధ్రం చేయాలన్నా ఇంపాక్ట్ డ్రిల్లు ఎంత మంచిదైనా ఆయాసపడుతుంది. దాని దెబ్బ పంటి చక్రాల రాపిడితో వచ్చేది. రోటరీ హ్యామర్ అనే మిషనులో గాలి ఒత్తిడితో పిస్టన్ కొడుతుంది కనుక ఆ దెబ్బ బరువే వేరు. ఇంటికి ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే ఆ మిషనును కొనడం దండగ. మిషన్లు కిరాయికి ఇచ్చే చోట ఒక పూటకు తెచ్చుకుని, చేయవలసిన రంధ్రాలన్నీ ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకుని ఒకేసారి ముగించడం మేలు. నాపరాయి మీద మాత్రం మొదట దెబ్బ ఆపి, తక్కువ వేగంతో మొదలుపెట్టకపోతే బండ పగులుతుంది.

ఇనుము, రాయి కోసే గ్రైండర్ అలవాటు లేని వారు దాన్ని కొనకుండా మిస్త్రీని పిలవడమే మంచిదని నా అభిప్రాయం. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో బిళ్ల పగిలితే ముక్కలు ముఖానికి తగులుతాయి. తప్పనిసరై వాడితే గార్డు తీయకూడదు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మొదలుపెట్టకూడదు, చెక్క కోసే పళ్ల చక్రాన్ని దానికి బిగించకూడదు. బిళ్ల మీద రాసిన చుట్ల సంఖ్య మిషను వేగం కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోవాలి. కోత బిళ్లకు గడువు కూడా ఉంటుంది, మధ్యనున్న లోహపు రింగు మీద నెల, ఏడాది ముద్రించి ఉంటాయి. తేమలో ఏళ్ల తరబడి పడి ఉన్న బిళ్ల తక్కువ ధరకు వచ్చినా తీసుకోకూడదు.

గొడ్డలి, కొడవలి వంటి వాటికి వస్తే, పెట్టెలో వచ్చే చవక సరుకు కంటే మన కమ్మరి కొలిమిలో లారీ కమాన్ పట్టీతో చేసినదే మేలు. అది మొండివారితే మళ్లీ కాల్చి, కొట్టి, పదును పెట్టించుకోవచ్చు.

ఇక కొత్తగా మొదలుపెట్టే ఇంటికి ఆ నలభై ముక్కల పెట్టె జోలికి పోకుండా, అదే డబ్బుతో ఒక మంచి కటింగ్ ప్లేయర్, ఒక టెస్టర్, 2 నంబరు ప్లస్ స్క్రూడ్రైవర్ ముందుగా కొనుక్కోమంటాను. టపారియా వంటి మన దేశపు కంపెనీల సరుకు జిల్లా కేంద్రాల్లోని హార్డ్‌వేర్ దుకాణాల్లోనే దొరుకుతుంది కాబట్టి, దీని కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా పోనవసరం లేదు. స్క్రూ స్పానర్, సుత్తి, టేపు తర్వాతి నెలల్లో ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. డ్రిల్లు మిషను కొన్న రోజున మాత్రం బిల్లు మీద తేదీ, గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకుని, ఆ రెండింటినీ మిషను పెట్టెలోనే దాచాలి.