అద్భుత పతకం కొనేటప్పుడు ముందు వెనక్కి తిప్పి చూడండి

గుణదల ఉత్సవాల్లోనైనా, చర్చి పక్క కొట్లోనైనా అద్భుత పతకాలు (కతోలికులు మెడలో వేసుకునే మరియమాత బిళ్ళలు) గుత్తులుగా దొరుకుతాయి. ముందువైపు మరియమాత రూపం దాదాపు అన్నిట్లోనూ బాగానే కనిపిస్తుంది. అచ్చు నాణ్యత తేలేది వెనకవైపే.

పారిస్‌లో రూ ద్యూ బాక్ అనే వీధిలోని మఠంలో నోవిస్‌గా, అంటే సిస్టర్ కావడానికి శిక్షణలో ఉన్న కేథరిన్ లబూరేకి 1830 నవంబర్ 27న కలిగిన మరియమాత దర్శనం ఈ పతకానికి మూలం. వెనక ‘ఎం’ అక్షరం, దాని అడ్డపట్టీ మీద సిలువ, కింద రెండు హృదయాలు, చుట్టూ 12 నక్షత్రాలు ఉండాలి. మనకు ఎడమవైపు కనిపించే హృదయం క్రీస్తుది, దాన్ని ముళ్ళ కిరీటం చుట్టి ఉంటుంది. కుడివైపుది మాత హృదయం, అందులో ఖడ్గం దిగి ఉంటుంది. నాసిరకం పోతలో మొదట చెడేవి ఈ రెండే: ముళ్ళు నున్నటి గీతైపోతాయి, ఖడ్గం అసలు కనబడదు. ఈ రెండూ గుర్తుపట్టలేకపోతే ఆ పతకం కొనకండి. ముందువైపు కాళ్ళ కింద సర్పం, చేతుల నుంచి కిరణాలు, అంచున ప్రార్థన పూర్తిగా ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి.

రోజూ వేసుకోవడానికి 925 వెండి (92.5 శాతం వెండి ఉన్నది) మంచిది. నల్లబడుతుంది కానీ మెత్తని గుడ్డతో తుడిస్తే మెరుగు వస్తుంది. ఇత్తడి మీద వెండిపూత వేసినవి మన ఉక్కపోతకు ఆగవు. చెమటకు పూత లేచి మెడ మీద పచ్చ మరక పడుతుంది. అల్యూమినియం తేలిక, చవక, తుప్పు పట్టదు. పదిమందికి పంచడానికి అదే సరైనది. కాకపోతే స్టీలు గొలుసుకు తగిలిస్తే మెత్తని కొక్కెం అరిగి తెగిపోతుంది, దానికి నూలు దారమే మేలు. నీలం మీనా పని చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అంచుల్లో పెచ్చులూడుతుంది.

కంసాలి వాషెట్ చేసిన తొలి పతకాలు 1832లో, పారిస్‌లో కలరా ప్రబలిన రోజుల్లో జనం చేతికి వచ్చాయి. దీన్ని తాయెత్తు అనుకోకూడదు, ఇది ప్రార్థనకు గుర్తు. అల్ఫోన్స్ రాటిస్బాన్ అనే యూదు యువకుడు నమ్మకం లేకుండానే, స్నేహితుడి సోదరుడి పట్టుదల మీద దీన్ని మెడలో వేసుకున్నాడు. 1842 జనవరి 20న రోములోని సాంత్ ఆంద్రేయా గుడిలో పతకం మీది రూపంలోనే మాత దర్శనమిచ్చిందని చెప్పి, అదే నెల 31న జ్ఞానస్నానం పొందాడు. ఆ ప్రేరణతోనే, అప్పటికే కతోలిక గురువుగా (ఫాదర్‌గా) ఉన్న అతని అన్న తెయోదోర్ 1843లో సియోను మాత సిస్టర్ల సభను స్థాపించాడు. అరచేతిలో ఇమిడే ఈ బిళ్ళ వెనక ఒక మఠసభ పుట్టుక ఉందని తెలిస్తే, ఆ ముళ్ళూ ఖడ్గమూ స్పష్టంగా ఉండాలన్న పట్టింపు అతి అనిపించదు.

కొన్నాక ఫాదర్ గారి చేత ఆశీర్వదింపజేసుకుని ధరించండి. అరిగిపోయినా, విరిగినా చెత్తలో వేయకండి. ఆశీర్వదించిన వస్తువు కాబట్టి మట్టిలో పాతిపెట్టాలి.