ఫోన్ ప్యాంటు జేబులోనా, చొక్కా జేబులోనా, బ్యాగులోనా... పిల్లల కోసం చూసే మగాళ్ళకి ఏది మేలు?

మొన్న ఆదివారం మా బావమరిది గాజువాక నుంచి బండి మీద ఋషికొండ మా ఇంటికి వచ్చాడు, హాట్‌స్పాట్ ఆన్‌లో మర్చిపోయి ఫోన్ జీన్స్ ముందు జేబులో పెట్టుకుని ఆ ఎండలో అంత దూరం వచ్చాడు, దిగ్గానే తీసి నా చేతికిస్తే చుర్రుమంది. పెళ్ళయి రెండేళ్ళు, పిల్లల కోసం చూస్తున్నారు, ఎవరో వీడియో పంపారట ఫోన్ జేబులో పెడితే పిల్లలు పుట్టరని. "ఏటి బావా, నిజమేనా, మరి ఎక్కడ పెట్టుకోమంటావ్?" అని మొహం చిన్నబుచ్చుకుని అడిగాడు. ఈ బాధ నేనూ పడి వచ్చినోణ్ణే కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా.

ముందు ప్యాంటు జేబు. భయం ఊరికే పుట్టలేదు. 2008లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 361 మందిని చూస్తే ఫోన్ ఎక్కువసేపు వాడేవాళ్ళలో వీర్యకణాల కౌంటు, కదలిక రెండూ తక్కువగా కనిపించాయి. కానీ 2023లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చినది ఇంకా పెద్ద స్టడీ, 18 నుంచి 22 ఏళ్ళ కుర్రాళ్ళు 2,886 మంది, అందులో వారానికి ఒకసారికి మించి ఫోన్ వాడని వాళ్ళకి మిల్లీలీటరుకి 5.65 కోట్ల కణాలుంటే రోజుకి 20 సార్లకి పైగా వాడేవాళ్ళకి 4.45 కోట్లు, అంటే తేడా ఉంది, కాకపోతే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే కింది హద్దు 1.6 కోట్లు కదా, రెండూ దానికి చాలా పైనే ఉన్నాయి. ఇంకో మాట, ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకున్నవాళ్ళకీ పెట్టుకోనివాళ్ళకీ అందులో తేడా తేలలేదు. పాత నెట్‌వర్క్‌ల రోజుల్లో, అంటే 2005-07లో కనిపించిన సంబంధం తర్వాత తగ్గుతూ వచ్చింది. ఫోన్ వల్లే తగ్గిందని ఆ స్టడీ కూడా రుజువు చెయ్యలేదు, రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే.

చొక్కా జేబు ఈ విషయంలో ప్యాంటు జేబు కన్నా నయం, దూరం పెరిగింది కదా. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళు మాత్రం గుండె దగ్గర పెట్టుకోకూడదు. వెనక జేబు సంగతి వదిలేయండి, కూర్చుంటే స్క్రీన్ పోతుంది.

నన్నడిగితే బ్యాగే మేలు. ఒంటికి జానెడు దూరం జరిగినా తరంగాల బలం బాగా పడిపోతుంది, ఖర్చు లేని జాగ్రత్త. సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఫోన్ టవర్‌ని అందుకోడానికి ఎక్కువ పవర్ వాడుతుంది, అరకు రైల్లో సొరంగాల మధ్య సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుందే, అప్పుడు జేబులో ఉంచుకునే బదులు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి కిటికీలోంచి కొండలు చూడండి హాయిగా.

కానీ ఫోన్ కన్నా నాకు నిజంగా భయం ఉన్నది ఒళ్ళో లాప్‌టాప్ మీద. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగ్గా తయారవుతాయి, అందుకే దేవుడు వాటిని బయట పెట్టాడు. న్యూయార్క్‌లో 29 మందికి గంటసేపు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టి కొలిస్తే అక్కడి వేడి 2.6 నుంచి 2.8 డిగ్రీలు పెరిగింది, లాప్‌టాప్ లేకుండా ఊరికే తొడలు దగ్గర పెట్టుకుని కూర్చున్నా 2.1 పెరిగింది! మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందే, చెమట ఆరదు, పైన టైట్ జీన్స్, వర్క్ ఫ్రమ్ హోమ్ అని మంచం మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నాలుగ్గంటలు... నేను రెండేళ్ళు అదే చేశా. ఫర్నేసుల దగ్గర డ్యూటీ చేసేవాళ్ళ విషయంలోనూ డాక్టర్లు అడిగేది ఈ వేడి గురించే. కాబట్టి రెండిట్లో ఒకటే మార్చగలనంటే ముందు లాప్‌టాప్‌ని టేబుల్ మీదకి మార్చండి, ఫోన్ తర్వాత. సిగరెట్ ఉంటే అది అన్నిటికన్నా ముందు.

ఇప్పుడు అసలు బాధ. మేము తిరిగిన ఒక చోట మా ఆవిడకి ఏడాదిన్నర స్కాన్లు, రక్తపరీక్షలు, ఇంజెక్షన్లు, నాకు మాత్రం ఒక్క టెస్టూ రాయలేదు, ఇంట్లో చుట్టాల మాటలన్నీ తనే పడింది, గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మొదటి రోజే వీర్యపరీక్ష రాశారు, వేరికోసీల్ బయటపడింది, అంటే వృషణాల దగ్గరి రక్తనాళాలు ఉబ్బడం, వందలో పదిహేను మంది మగాళ్ళకి ఉండేదే. నేను ఫోన్ ఏ జేబులో పెట్టుకున్నా అది తగ్గేది కాదు.

వీర్యపరీక్షకి ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనానికి దూరంగా ఉండాలి, ఒక రిపోర్టు చూసి హడలిపోకూడదు, తేడా వస్తే మళ్ళీ చేయించాలి. కణం తయారవడానికే దాదాపు 74 రోజులు పడుతుంది కాబట్టి ఈరోజు అలవాటు మార్చితే ఫలితం మూడు నెలల తర్వాతే కనిపిస్తుంది, వారంలో చూసి నిరాశపడొద్దు.

బావమరిదికి ఇదంతా చెప్పి, హాట్‌స్పాట్ ఆపి, నా పాత ఆఫీసు బ్యాగు ఇచ్చి ఫోన్ అందులో వేయించి పంపా. బుధవారం పొద్దున్నే మద్దిలపాలెంలో ల్యాబుకి ఇద్దరం వెళ్తున్నాం, చెల్లెమ్మకి ఏ టెస్టులూ రాయించకముందే.