హర్మూజ్ దారి మూసుకుంటే: నిల్వలు, ఇథనాల్, కరెంటు... ఏది మేలు?

ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య ఉన్న హర్మూజ్ జలసంధి బాగా ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ట్యాంకర్లు నడిచే దారి అందులో రావడానికి మూడు, పోవడానికి మూడు కిలోమీటర్లే. 2024లో ఆ దారిన రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు వెళ్లింది. ప్రపంచం వాడే చమురులో ఇది దాదాపు ఐదో వంతు. మన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి గల్ఫ్‌లో యుద్ధం అన్న మాట వినపడగానే మనకు టెన్షన్ మొదలవుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లకు అది రెండింతలు. పెట్రోలు ధర ఒక భయం, అక్కడ పనికి వెళ్లిన మనిషి క్షేమం ఇంకో భయం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేస్తే, మూడు డాలర్ల దగ్గరున్న బ్యారెల్ కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్లకు చేరింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక మన దిగుమతి బిల్లు పెరిగి, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టే దాకా వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న అప్పులకు అది తోడైంది. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్ఖైక్ చమురు శుద్ధి కేంద్రం మీద దాడి జరిగినప్పుడు, ఆ దేశ ఉత్పత్తిలో సగం ఒక్క రోజులో ఆగిపోయింది.

మరి మన ముందున్న దారుల్లో ఏది మేలు? నేను అన్నిటికీ ఒకే ప్రశ్న వేస్తాను: సరఫరా ఆగిన మర్నాడు మన బండి నడుస్తుందా, మన పొయ్యి వెలుగుతుందా?

వేరే దేశాల దగ్గర కొనడం అందరికీ ముందుగా తట్టే ఆలోచన. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే. 2023 నాటికి అది మూడో వంతు దాటింది. దానివల్ల డబ్బు ఆదా అయిన మాట నిజం. కానీ 2025 ఆగస్టులో అదే కారణం చెప్పి అమెరికా మన ఎగుమతుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అమ్మేవాళ్లు మారితే ఒత్తిడి తెచ్చేవాళ్లూ మారతారు. పైగా ధర ప్రపంచమంతటా ఒకటే. హర్మూజ్‌లో ఓడలు ఆగితే మనం బ్రెజిల్ నుంచి తెచ్చుకునే బ్యారెల్ కూడా మండిపోతుంది. సరుకు దొరకడానికి ఈ దారి పనికొస్తుంది కానీ ధరల దెబ్బను ఆపలేదు.

రెండో దారి నిల్వలు. విశాఖపట్నంలో రాతిని తొలిచి కట్టిన భూగర్భ గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలతో కలిపితే 53.3 లక్షల టన్నులు. నిండా నింపినా దేశానికి సుమారు తొమ్మిదిన్నర రోజులకు సరిపోతుంది. చమురు కంపెనీల ట్యాంకుల్లో ఉన్నదంతా కలిపి లెక్కేస్తే డెబ్బై రోజుల పైచిలుకు. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలను 90 రోజుల దిగుమతికి సమానంగా దాచుకోమంటుంది. ఒడిశాలోని చండీఖోల్‌లోనూ పాదూరులోనూ మరో 65 లక్షల టన్నుల గుహలకు కేంద్రం 2021లో అనుమతిచ్చింది. ఇలాంటి పనులు ఏళ్లకేళ్లు నానకూడదు.

నన్ను ఇంకా కలవరపెట్టేది వంట గ్యాసు. మనం వాడే ఎల్‌పీజీలో దాదాపు 60 శాతం దిగుమతి. అందులో చాలా భాగం గల్ఫ్‌దే. విశాఖలో సముద్ర తీరాన ఎల్‌పీజీ కోసం ప్రత్యేకంగా ఒక గుహ ఉంది, 60,000 టన్నులు పడుతుంది. వినడానికి పెద్ద సంఖ్యే. అయితే దేశం రోజుకు వాడే గ్యాసు 80,000 టన్నులకు పైమాటే. ముడిచమురుకు వారాల లెక్క ఉంది. గ్యాస్ బండకు అంత వెసులుబాటు లేదు, ఇబ్బంది వస్తే ముందు తగిలేది వంటింటికే.

నిల్వలు అవసరమే, ఇంకా పెంచాలి. అయినా అవి గడువు మాత్రమే ఇస్తాయి. ఆ గడువులో మనం ఏం మార్చుకున్నామన్నదే తర్వాతి ప్రశ్న.

మూడోది ఇథనాల్, అంటే చెరకు, ధాన్యాల నుంచి తీసి పెట్రోల్లో కలిపే ఆల్కహాల్. 2030కి అనుకున్న 20 శాతం మిశ్రమాన్ని 2025లోనే అందుకున్నాం. అందుకు ఏడాదికి సుమారు 1,000 కోట్ల లీటర్ల ఇథనాల్ కావాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. లీటరు పెట్రోలు ఇచ్చే శక్తిలో ఇథనాల్ మూడింట రెండు వంతులే ఇస్తుంది. ఆ లెక్కన ఏడాది పొడవునా కలిపే ఇథనాల్ సుమారు నాలుగు కోట్ల బ్యారెళ్ల పెట్రోలుకు సమానం. మన గుహల్లో ఒక్కసారికి పట్టే చమురూ దాదాపు అంతే! ఇంత చెరకు, ఇంత బియ్యం, ఇంత మొక్కజొన్న ఖర్చు పెట్టి, ఏటా మనం తగ్గించుకుంటున్నది తొమ్మిది రోజుల దిగుమతి.

దాని వెల చిన్నదేమీ కాదు. చెరకు నుంచి తీసే లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీళ్లు పడతాయని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో జనం రోడ్డెక్కారు. నీళ్ల గురించి, గాలి గురించి వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోలేం. మొక్కజొన్నకు మంచి ధర రావడం రైతుకు మేలే, అది కాదనను. కానీ దేశంలో ఎక్కువగా కాలేది పెట్రోలు కాదు, డీజిల్. ఇథనాల్ డీజిల్‌నూ గ్యాస్ బండనూ తాకదు. వ్యవసాయ విధానంగా దాన్ని సమర్థించవచ్చు, ఇంధన భద్రత అని పిలవడం నాకు ఒప్పుదల కాదు.

సీఎన్‌జీకి మారితే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. సీఎన్‌జీ కూడా సహజవాయువే, అందులో చాలా భాగం ఎల్‌ఎన్‌జీగా, అంటే ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చేదే. మన దేశం కొనే ఎల్‌ఎన్‌జీలో అతి పెద్ద వాటా ఖతార్‌ది. ఆ ఓడలూ హర్మూజ్ దాటే రావాలి.

ఇక కరెంటు. సోలార్ పలకలు పెట్టినంత మాత్రాన చమురు దిగుమతి తగ్గదు, ఎందుకంటే మన కరెంటు చమురుతో తయారవడం లేదు. నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గు, మిగతాది నీరు, గాలి, ఎండ, అణుశక్తి. బండీ పొయ్యీ కరెంటుకు మారినప్పుడే చమురు తగ్గుతుంది. మారితే మాత్రం ఆ తగ్గుదల శాశ్వతం. రైల్వేనే చూడండి. బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం విద్యుదీకరణ అయింది కాబట్టి గల్ఫ్‌లో ఏం జరిగినా ఆ రైళ్లు నడుస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో బోర్ల మోటార్లు కూడా ఎక్కువ శాతం కరెంటువే.

దేశంలో పెట్రోలు సగానికి పైగా తాగేది ద్విచక్ర వాహనాలు. వంద కిలోమీటర్లకు రెండు లీటర్ల పెట్రోలు అడిగే స్కూటర్ స్థానంలో మూడు నాలుగు యూనిట్ల కరెంటుతో నడిచేది ఇప్పుడు బజార్లో దొరుకుతోంది. ఆటోలు, సిటీ బస్సులు కూడా ఈ దారిలోకి సులువుగా వస్తాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. బ్యాటరీలు, మోటార్లలో వాడే అరుదైన లోహాల అయస్కాంతాలు ఎక్కువగా చైనావి. 2025 ఏప్రిల్‌లో చైనా ఆ అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. గల్ఫ్‌ను వదిలి చైనా చేతిలో పడుతున్నామా? ఆ ప్రమాదం ఉంది. కానీ నేను మొదట వేసిన ప్రశ్నే ఇక్కడ వేయండి. చైనా ఎగుమతి ఆపేస్తే కొత్త స్కూటర్ల తయారీ ఆగుతుంది, నిన్న కొన్న స్కూటర్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. చమురు ఆగితే ఉన్న బండే ఆగుతుంది. ఈ తేడా వల్లే నేను కరెంటు వైపు మొగ్గుతాను. బ్యాటరీ సెల్స్‌ ఇక్కడే తయారు చేసుకునే ప్రయత్నానికి కూడా కొన్నేళ్ల సమయం దొరుకుతుంది.

ఇండక్షన్ స్టవ్ సంగతి కొంచెం కష్టం. అడుగు చదునుగా ఉన్న గిన్నెలు కావాలి, సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో వంట సాగదు. అందరూ రాత్రి ఏడింటికే వండుతారు, అప్పటికి ఎండ ఉండదు. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లను పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రాలు అందుకే కావాలి. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాన్ని నీళ్లు వెనక్కి తోడేలా కట్టారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో అదే పద్ధతిలో ఇంకా పెద్ద ప్రాజెక్టు చేపట్టారు. ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు బాగుచేయకుండా పేదింటికి కరెంటు పొయ్యి ఇస్తే అది మూలన పడుతుంది. అప్పటివరకూ గ్యాస్ బండ ఉంటూనే, దాని పక్కన రెండో పొయ్యిగా ఇండక్షన్ ఉండాలి. నెలకు బండలో సగం మిగిలినా, కొరత వచ్చిన రోజున అది నెలను రెండు నెలలు చేస్తుంది.

లారీలు, ట్రాక్టర్లు, విమానాలకు ఈ జవాబు ఇంకా చాలదు. వేల కిలోమీటర్లు తిరిగే లారీకి సరిపడా బ్యాటరీ పెడితే సరుకు మోసే బరువు తగ్గుతుంది, ఛార్జింగ్‌కు గంటలు పోతాయి. అక్కడ చేయగలిగింది దూరపు సరుకును రైలెక్కించడం, ఆఖరి వంద కిలోమీటర్లే లారీకి వదలడం. గుహల్లో దాచిన చమురును స్కూటర్లకూ కార్లకూ కాకుండా ఆ లారీలకు, కోతల వేళ ట్రాక్టర్లకు, అంబులెన్సులకు మిగల్చగలిగితే, అదే తొమ్మిదిన్నర రోజుల నిల్వ ఎన్నో రోజులు ఎక్కువ వస్తుంది.