ఒకటే సరిహద్దు, నాలుగు రకాల మెక్సికో: ఏ ఊరు మేలు?

లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. మెక్సికో దాకా వెళ్ళకుండా, అమెరికా వైపే ఉండి మెక్సికో సంస్కృతి చూడాలంటే ఏ ఊరు మేలు? సగం మందికి వీసా స్టాంపింగ్ టెన్షన్, అవతలికి దాటే ధైర్యం చెయ్యరు. ఎవరో ఒకరు వెంటనే శాన్ డియేగో అనేస్తారు. బీచ్ ఉంది, పిల్లలకు జూ ఉంది, టాకోలు (మడిచిన రొట్టెలో కూర) ఎటూ దొరుకుతాయి. ఆ జవాబు నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఈ సరిహద్దు 3,100 కిలోమీటర్ల పైచిలుకు. పసిఫిక్ సముద్రం దగ్గర మొదలై గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా పోతుంది. కాలిఫోర్నియాకు ఎదురుగా బాహా కాలిఫోర్నియా, అరిజోనాకు ఎదురుగా సొనోరా, న్యూమెక్సికోకూ టెక్సస్ పడమటి కొసన ఉన్న ఎల్ పాసోకూ ఎదురుగా చివావా, దక్షిణ టెక్సస్‌కు ఎదురుగా కొవావీలా, నువో లియోన్, తమావులీపాస్. అవతల ఏ రాష్ట్రముంటే ఇవతల ఆ వంట, ఆ పాట. ఇచ్ఛాపురంలో తిన్న భోజనాన్ని బట్టి చిత్తూరు భోజనం ఎలా ఉంటుందో చెప్పలేం కదా, ఇదీ అంతే.

ఇంకో సంగతి. మనం "మెక్సికో ప్రభావం" అని తేలిగ్గా అనేస్తాం, ఎవరో అటునుంచి ఇటు వచ్చి రుద్దినట్టు. కానీ అమెరికా, మెక్సికో యుద్ధాన్ని ముగించిన 1848 ఒప్పందంతో ఈ నేలలో ఎక్కువ భాగం అమెరికా చేతికొచ్చింది. టూసాన్ చుట్టుపక్కల దక్షిణ అరిజోనా 1853లో కుదిరిన బేరంలో కోటి డాలర్లకు అమ్ముడుపోయింది. అక్కడి కుటుంబాలు ఇల్లు కదలకుండానే దేశం మారాయి. బళ్ళారిలోనో హోసూరులోనో బరంపురంలోనో చుట్టాలున్నవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఊళ్ళ సంగతి. ముందు శాన్ డియేగో, తొందరగా ముగించేద్దాం. శాన్ యిసీద్రో సరిహద్దు గేటు దగ్గర రోజూ దాటే జనాన్ని చూస్తే ఇదే అసలైన సరిహద్దు ఊరు అనిపిస్తుంది. కానీ ఊరు రెండుగా బతుకుతుంది. సముద్రం పక్కన ఖరీదైన పేటల్లో మూడు రోజులుండి ఒక్క స్పానిష్ మాట వినకుండా తిరిగి రావచ్చు. జనాభాలో లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు) దాదాపు 30 శాతమే. తిండి కూడా బీచ్ తిండి. అవతల ఎన్‌సెనాదా నుంచి వచ్చిన చేప టాకో బాగుంటుంది, కాదనను. కానీ ఈ ఊరి గొప్పగా చెప్పుకునే కాలిఫోర్నియా బరీటోలో (బరీటో అంటే కూర పెట్టి చుట్టిన రొట్టె) ఫ్రెంచ్ ఫ్రైస్ కూరతారు. ఉప్మా పెసరట్టు తినే జాతివాళ్ళం మనం తప్పు పట్టకూడదనుకోండి. ఇక సీజర్ సలాడ్ పుట్టింది ఇటలీలోనో రోమ్‌లోనో కాదు, సరిహద్దుకు అవతల పక్కనే ఉన్న టిహ్వానాలో, 1924లో, ఇటలీ నుంచి వచ్చిన సీజర్ కార్దీనీ హోటల్లో అంటారు.

శాన్ డియేగో వెళ్ళి తీరాల్సిన చోటు ఒక్కటుంది, చికానో పార్క్. చికానో అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్. లోగన్ పేటలో మెక్సికన్ కుటుంబాలు ఉంటున్న వీధుల మధ్యలోంచి ముందు ఫ్రీవే వేశారు, తర్వాత 1969లో కొరొనాడో వంతెన కట్టారు. వంతెన కింద పార్కు ఇస్తామని మాట ఇచ్చి, 1970 ఏప్రిల్ 22న హైవే పోలీసు స్టేషన్ కోసం బుల్డోజర్లు దింపారు. పేట జనం, విద్యార్థులు వెళ్ళి ఆ స్థలంలో కూర్చున్నారు. పలుగూ పారా పట్టి మొక్కలు నాటడం మొదలుపెట్టారు. చివరికి పార్కు వాళ్ళకే వచ్చింది. ఇప్పుడు ఆ కాంక్రీట్ స్తంభాల నిండా బొమ్మలే: ఆజ్టెక్ దేవతలు, పొలం కూలీలు, నాయకులు. పైన కార్లు గుయ్యిమంటూ పోతుంటాయి. అక్కడ గంటసేపు నిలబడితే జూలో గడిపిన పూటంతా మర్చిపోతారు.

శాన్ డియేగో నుంచి తూర్పుకు రెండు గంటలు పోతే ఇంపీరియల్ వ్యాలీ వస్తుంది. ఎండ, కాలువలు, పొలాలు. మనవాళ్ళు ఎవరూ ఆగరు. కానీ సరిహద్దు మొత్తంలో భారతదేశంతో నేరుగా ముడిపడిన చోటు ఇదే. 20వ శతాబ్దం మొదట్లో పంజాబ్ నుంచి వచ్చిన రైతులు ఇక్కడ సాగు చేశారు. దేశం నుంచి భార్యలను తెచ్చుకునే వీల్లేని చట్టాలు, తెల్లవాళ్ళను పెళ్ళాడనివ్వని చట్టాలు. చాలామంది మెక్సికన్ అమ్మాయిలను పెళ్ళి చేసుకున్నారు. ఆ ఇళ్ళలో రొట్టె, టోర్టియా ఒకే పెనం మీద కాలాయి, పిల్లలకు పేర్లు హోసే సింగ్ తరహాలో ఉండేవి. 1956లో ఈ వ్యాలీ నుంచే దలీప్ సింగ్ సౌంద్ అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు, ఆసియా సంతతి నుంచి మొదటివాడు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు గానీ దారిలో ఉంటే ఆగండి.

టూసాన్ దగ్గర మాత్రం నేను కాస్త నెమ్మదిస్తాను. 2015లో యునెస్కో దీన్ని వంటల నగరంగా గుర్తించింది, అమెరికాలో అలాంటి పేరు వచ్చిన మొదటి ఊరు. చుట్టూ ఎడారి, ఇక్కడ వంట ఏముంటుంది అనుకుంటాం. కథ గోధుమతో మొదలవుతుంది. 17వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతానికి వచ్చిన కీనో అనే జెస్యూట్ పాదిరీ, ఆయన తోటివాళ్ళు గోధుమ విత్తనం తెచ్చారు. మొక్కజొన్న పండని చలికాలంలో గోధుమ పండింది, జనం దానికి అలవాటుపడ్డారు. అందుకే మెక్సికో దక్షిణాన మొక్కజొన్న టోర్టియా అయితే సొనోరాలో గోధుమ టోర్టియా. అది కూడా మామూలుది కాదు. చేతి మీద తిప్పుతూ మోచేయి దాటేంత వెడల్పుగా, అవతలివైపు కనపడేంత పల్చగా సాగదీస్తారు. రుమాలీ రోటీ చేసేవాళ్ళను చూసినవాళ్ళు ముచ్చటపడతారు. ఆ పాత తెల్ల సొనోరా గోధుమను ఇప్పుడు మళ్ళీ పండిస్తున్నారు.

నాకు అంతకన్నా నచ్చింది చిల్తెపిన్. బఠాణీ కన్నా చిన్న, గుండ్రటి అడవి మిరప. కొండల్లో తనంతట తానే పెరుగుతుంది, మనుషులు ఏరుకొస్తారు. సూపులో రెండు నలిపి వేసుకుంటే ఒక్కసారిగా నషాళానికి అంటి, అంతే తొందరగా దిగిపోతుంది. గుంటూరు కారంలా గంటసేపు వేధించదు. మిరప మొదట మెక్సికో నేలది, పోర్చుగీసుల ఓడలెక్కి మనకొచ్చింది కాబట్టి ఆ చిన్న కాయను మన గుంటూరు మిరప్పండుకు ముత్తవ్వ వరస అనుకోవచ్చు.

టూసాన్‌లో పాట కూడా ఉంది. 1960ల నుంచీ ఇక్కడి బడిపిల్లలకు మరియాచి (మెక్సికన్ సంప్రదాయ మేళం పాట) నేర్పే బృందాలున్నాయి. గాయని లిండా రాన్‌స్టాట్ ఈ ఊరి అమ్మాయి. రాక్ పాటల్లో పేరు తెచ్చుకున్నాక, 1987లో ఇంట్లో విన్న మెక్సికన్ పాటలతో ఆల్బమ్ చేస్తే అమెరికాలో లక్షల్లో అమ్ముడైంది. ఊరి బయట శాన్ హవియేర్ చర్చి, 18వ శతాబ్దం చివర్లో కట్టిన తెల్ల కట్టడం, తొహోనో ఒధామ్ తెగవాళ్ళ నేలలో ఉంది. ఈ తెగ సంప్రదాయ భూమిని సరిహద్దు గీత మధ్యలోకి కోసేసింది. మెక్సికోకీ స్పెయిన్‌కీ ముందే అక్కడున్న ఆ జనాన్ని మనం ఏ లెక్కలో వేస్తాం?

అయితే టూసాన్ అంతా పండగ వాతావరణమే అనుకోకండి. ఇక్కడి బడుల్లో నడిచిన మెక్సికన్ అమెరికన్ చరిత్ర పాఠాలను 2010లో వచ్చిన అరిజోనా చట్టం అడ్డుపెట్టుకుని ఆపించారు. 2017లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం అమలు వెనక జాతి ద్వేషం ఉందని తేల్చింది. టోర్టియా ఇష్టం, ఆ టోర్టియా చేసినవాళ్ళ చరిత్ర మాత్రం వద్దు.

న్యూమెక్సికో విషయంలో నాకూ మా ఆవిడకూ పడదు. తన ఓటు దీనికే. ఆగస్టు చివర్లో హాచ్ అనే చిన్న ఊరికి వెళ్తే, ఇనప జాలీ డ్రమ్ముల్లో పచ్చిమిరపకాయలు వేసి గ్యాస్ మంట మీద తిప్పుతుంటారు. కారు అద్దం దించితే చాలు, ఆ కాలిన వాసనకు రోటి పచ్చడి గుర్తుకొచ్చి నోరూరుతుంది. హోటల్లో కూర్చుంటే మొదటి ప్రశ్న "రెడ్ ఆర్ గ్రీన్?" పండుమిరప సాసా, పచ్చిమిరపదా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. ఆ ప్రశ్నను రాష్ట్ర అధికారిక ప్రశ్నగా ప్రకటించుకున్నారు! నేటి న్యూమెక్సికో మిరప వంగడాలకు దారి వేసింది ఫాబియాన్ గార్సియా, చివావాలో పుట్టి ఇక్కడ పెరిగిన శాస్త్రవేత్త.

రుచి సరే. కానీ మెక్సికో కోసం వచ్చి శాంటా ఫే వెళ్తే కొంచెం తికమకపడతారు. ఆ ఊరు 1610 నాటిది. ఉత్తరాన పాత కుటుంబాలు చాలావరకు తమను హిస్పానో అనుకుంటాయి, స్పెయిన్ నుంచి వచ్చామంటాయి. ఈ నేల మెక్సికో చేతిలో ఉన్నది 1821 నుంచి పాతికేళ్ళ పైచిలుకే. స్పానిష్ ఇక్కడ పాతది, మెక్సికో పలచన. అందుకే మా ఇంట్లో ఓటు చీలింది.

ఎల్ పాసో సంగతి వేరు. ఆ పేరే అసలు అవతలి ఒడ్డు ఊరిది. 1888లో ఆ ఊరు మెక్సికో మాజీ అధ్యక్షుడు బెనీతో హ్వారెస్ పేరు పెట్టుకుంటే పాత పేరు ఇవతలి ఊరికి మిగిలింది. ఇక్కడ పదిమందిలో ఎనిమిది మంది లాటినోలు. డౌన్‌టౌన్‌లో వంతెన దగ్గరి వీధిలో దుకాణాల బోర్డులు, బేరాలు, పాటలు అన్నీ స్పానిష్‌లోనే. అవతల నుంచి రోజూ వంతెన దాటి యూనివర్సిటీకి వచ్చే విద్యార్థులున్నారు. (ఆ యూనివర్సిటీ భవనాలు భూటాన్ వాస్తు శైలిలో ఉంటాయి. టెక్సస్ ఎడారిలో హిమాలయ మఠాలు చూసి మొదటిసారి నేను దారి తప్పాననుకున్నాను.) బరీటో ఇక్కడ చిన్నది, లోపల ఒక్క కూరే. శాన్ డియేగో బరీటో తిన్నాక ఇది తింటే, ఫంక్షన్ భోజనం తర్వాత ఇంటి పప్పన్నం తిన్నట్టు హాయిగా ఉంటుంది.

చూడాల్సింది చమిసాల్ మెమోరియల్. ఇక్కడ రెండు దేశాలకూ హద్దు రియో గ్రాండే నది. 1864 ప్రాంతంలో నది దక్షిణానికి జరిగింది, మెక్సికో నేల ఇవతలికి వచ్చేసింది. దాదాపు వందేళ్ళు తగాదా. 1963లో కెనడీ కాలంలో ఒప్పందం కుదిరి నేల వెనక్కిచ్చారు, నదిని కాంక్రీట్ కాలువలో పెట్టారు. దానికోసం ఎల్ పాసో వైపు వేలమంది ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది, వాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్ళే. మెక్సికోకు న్యాయం జరిగింది, దాని ఖర్చు మాత్రం మెక్సికన్ అమెరికన్ల మీద పడింది.

ఇదే నది ఒడ్డున దక్షిణ టెక్సస్‌లో ఉన్న లారెడోలో ఇంకా గాఢం, జనాభాలో 95 శాతం లాటినోలే. 1848 తర్వాత అమెరికాలో ఉండటం ఇష్టంలేని కొన్ని కుటుంబాలు నది దాటి నువో లారెడో కట్టుకున్నాయి. పోతూపోతూ పూర్వీకుల ఎముకలు కూడా తవ్వి తీసుకెళ్ళారని చెప్పుకుంటారు. అలాంటి ఊరు 1898 నుంచి ఏటా ఫిబ్రవరిలో జార్జి వాషింగ్టన్ పుట్టినరోజును వారాల తరబడి జరుపుతుంది. వంతెన మధ్యలో రెండు దేశాల పిల్లలు నడిచొచ్చి కౌగిలించుకుంటారు. పెద్దింటి ఆడపిల్లలు మోయలేనంత బరువైన పూసల గౌన్లు వేసుకుని ఊరేగుతారు. ఇదంతా అమెరికా భక్తా, మెక్సికన్ వేడుకా? చూసేవాళ్ళకు తేలదు.

పాట మీద ఇష్టముంటే దక్షిణ టెక్సస్‌కు సాటి లేదు. జర్మన్, చెక్ వలసదారులు తెచ్చిన అకార్డియన్‌కు మెక్సికన్ బాహో సెస్తో గిటార్ కలిసి కొన్హుంతో అనే సంగీతం పుట్టింది. నార్సీసో మార్టీనెస్ దానికి తండ్రి అంటారు. మన హార్మోనియం కూడా యూరప్ నుంచే వచ్చి మన నాటకాల్లో పద్యం కోసమే పుట్టినట్టు కలిసిపోలేదా? తిండి టెక్స్‌మెక్స్, అంటే టెక్సస్ తరహా మెక్సికన్ వంట: పసుపు చీజ్, జీలకర్ర దండిగా. జీలకర్ర వాసన వల్ల మనవాళ్ళకు తొందరగా నచ్చుతుంది. మెక్సికో లోపలి వంటల్లో అంత వెయ్యరు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఈ ఊళ్ళన్నిటిలోనూ ముద్దగా మెదిపిన చిక్కుళ్ళలో, గోధుమ టోర్టియాల్లో పంది కొవ్వు కలిపే అలవాటుంది. "సిన్ మాంతేకా?" (పంది కొవ్వు లేకుండానా?) అని అడిగితే చెప్తారు. మొక్కజొన్న టోర్టియా చాలావరకు క్షేమం. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు, అంతే. ఇంకోటి, అవతలికి దాటకపోయినా పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ఎంట్రీ రికార్డు) లేదా గ్రీన్‌కార్డు దగ్గరుంచుకోండి. లారెడో నుంచి శాన్ ఆంటోనియో వచ్చే ఐ-35 హైవే మీద, ఎల్ పాసో నుంచి తూర్పుకు వెళ్ళే ఐ-10 హైవే మీద చెక్‌పోస్టులున్నాయి.

నా లెక్కలో తిండికి టూసాన్, బతుకు చూడాలంటే ఎల్ పాసో, పాటకు దక్షిణ టెక్సస్. ఒక్కటే ఎంచుకోమంటే ఎల్ పాసో, ఎందుకంటే అక్కడ ఎవరూ మనకోసం ఏదీ ప్రదర్శించరు. హాచ్ గంటన్నర దూరమే కాబట్టి ఆగస్టు చివర్లో పెట్టుకుంటే మా ఆవిడ మాటా నెగ్గుతుంది. గ్రూపులో ఈ ప్లాన్ పెట్టి రెండు రోజులైంది. శాన్ డియేగో అన్నవాళ్ళు మాత్రం ఎల్ పాసోలో జూ ఉందా అని అడుగుతున్నారు. ఉంది.